ఆస్కార్‌ని గంగాళంలో వేశాను

ఏవండీ, మీరు తెచ్చిన ఆస్కార్ చేప పెరట్లో గంగాళంలో ఉంది. పైన బోర్లించిన జల్లెడ తీయకండి, బయటికి ఎగిరి పడుతుంది. దాన్ని మళ్లీ అత్తయ్యగారి మంచం ఎదురుగా ఉన్న గాజు తొట్టెలో మాత్రం వేయకండి.

పొద్దున్న అత్తయ్యగారు మంచం మీంచి "అమ్మాయ్, మింగేసిందే!" అని కేక పెట్టారు. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆస్కార్ నోట్లోంచి చిన్న గప్పీ చేప తోక ఇంకా కొట్టుకుంటోంది. అన్ని గప్పీల్లో మూడే మిగిలాయి. అవీ రాళ్ల వెనక నక్కి బయటికి రావడం లేదు.

కాకినాడ షాపతనికి ఫోన్ చేశాను. "ఆయ్, చిన్న చేపల్ని తినేస్తదని అయ్యగారికి చెప్పేనండీ. ఇంకా పిల్లే కదా అని పట్టుకెళ్లేరండీ" అన్నాడు. చెప్పినా తెచ్చారా! తొట్టె నడుమ రంగుగా ఒక్కటి ఉండాలంటే ఎర్ర గౌరామి చేప చాలదా? దాని నోరు చిన్నది.

నేను ఐనవిల్లి అక్కయ్యని చూసి సాయంత్రం బస్సుకి వస్తాను. మీరొచ్చేదాకా అత్తయ్యగారి దగ్గర పక్కింటి పిన్నిగారు ఉంటారు. అన్నం, పప్పుచారు గట్టు మీద ఉన్నాయి.

భ్రమరాంబ

అత్తయ్యగారు ఇంకా ఏమీ తినలేదు. లేవలేని మనిషికి ఆ గప్పీలే కాలక్షేపం. అయినా "మావాణ్ణి ఒక్క మాటా అనకే" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నోటితో అనను. అందుకే రాశాను.