ర్యాంపు పాడైందన్నారు

మావారికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. ఎదురుగా కూర్చుంటే నాకు మాట పెగలదని మీకు తెలుసు. మూడు రోజులుగా ప్రార్థనకు కూర్చున్నా మనసు నిలవడం లేదు. అందుకే దీన్ని మీ భోజనం డబ్బాతో పాటు పెడుతున్నాను.

మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికి మీ బస్సులోనే వెళ్ళాను. వెనక తలుపున ఎక్కాను, రద్దీలో మీరు చూడలేదు. ఆసుపత్రి స్టాపులో, మా ప్రార్థనకు వచ్చే కుట్టుపని టీచరమ్మ చక్రాల కుర్చీలో ఉంది. మీ బస్సుకు కండక్టరు లేడు, కుర్చీ ఎక్కించే ర్యాంపు దించాల్సింది మీరే. మీరు కిటికీలోంచి, "ర్యాంపు పాడైందమ్మా, తర్వాతి బస్సులో రండి" అన్నారు. నా పక్కనున్నాయన, "ఈవిడకి రోజూ ఊరేగింపే, మనకి ఆఫీసులుండవా" అని గొణిగాడు. ఆవిడ గడియారం చూసుకుని కుర్చీ వెనక్కి తిప్పుకుంది.

ర్యాంపు పాడవలేదు. మెకానిక్కు నూనె వేశాడని, సులువుగా తిరుగుతోందని మొన్న ఆదివారం మీరే మీ తమ్ముడితో చెప్పారు. తర్వాతి బస్సు యాభై నిమిషాలకు గానీ రాదు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్ళు ఆవిడకు చెప్పేశారట. ఆ డ్రైవరు నా భర్త అని తెలియక, నిన్న ప్రార్థనకు వచ్చినప్పుడు నాతోనే చెప్పుకుంది. నేను తలొంచుకున్నాను. బస్సులోనూ సంచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మీ అబద్ధంలో సగం నాది.

మీరు దారిలో మనిషిని వదిలేసే రకం కాదు. ఏమైంది మీకు? రేపు ఆవిడను ఎక్కించుకోకపోతే నేనే వెళ్ళి నిజం చెబుతాను. మీకు తెలియకుండా చేయలేక ముందే రాస్తున్నాను.

మీ ఇల్లాలు

*

నా ఇల్లాలికి,

నాకు రాయడం రాదు. నిన్న నీ ఉత్తరం చదివాను. ఇది డిపో బెంచీ మీద కూర్చుని రాసి, ఖాళీ డబ్బాలో పెడుతున్నాను.

ఆ ర్యాంపు ఇనప పలక. వంగి, కొక్కెం పట్టి ఎత్తి, బయటికి తిప్పాలి. నాలుగు నెలల కింద అలా వంగినప్పుడు నడుము పట్టేసింది. ఎలాగో దించుతూ వచ్చాను, ఈమధ్య వంగితే చాలు, ఎడమకాలు మొద్దుబారిపోతోంది. డిపోలో తెలిస్తే స్టీరింగు లాగేసుకుంటారని భయం. నీకు చెబితే ఏడుస్తావని భయం. అందుకే తప్పు పలక మీదికి తోసేశాను.

ఈ ఉదయం ఆవిడ స్టాపులో ఇంజను ఆపి దిగాను. "అమ్మా, ర్యాంపు బాగానే ఉంది. వంగలేనిది నేను" అన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"వంగలేకపోతే వంగలేనని చెప్పాలండీ. కాళ్ళు కదలవని నేను చెప్పుకోవడం లేదూ?"

తర్వాత తనే ఇద్దరు ప్రయాణికుల్ని పిలిచి, కొక్కెం ఎక్కడుందో, పలక ఎటు తిప్పాలో చెప్పి దింపించింది. రెండు నిమిషాలు పట్టలేదు.

మధ్యాహ్నం మేనేజరుకు నడుము సంగతి చెప్పేశాను. సోమవారం నుంచి నాకు బండి లేదు. పాస్‌లిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెడతారేమో. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆవిడకూ చెప్పాను. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు. "మీ తర్వాత వచ్చే ఆయనకు నా స్టాపు అప్పగించి వెళ్ళండి" అంది, అంతే.

అప్పగించాను. అతనికి టైము పిచ్చి, ముఖం ముడుచుకున్నాడు. అందుకని సోమవారం పొద్దున ఆ స్టాపులో నేనే నిలబడతాను. పలక ఎత్తడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. వస్తావా?

నీ మొగుడు