తొమ్మిదంగుళాల గోడ

నాయనా,

డిగ్రీ చదివి కూడా మన ఇంటి గోడ మందం తప్పు గీసినందుకు, పుంగనూరు మేస్త్రీలందరి సాక్షిగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

ఇంటీరియర్ డిజైన్ కోసం డ్రాయింగు నేర్చుకుంటాండాను. మదనపల్లెకు బస్సులో నిలబడి పోతాను, బోర్డు ముందర నిలబడి గీస్తాను, మళ్లీ నిలబడే ఇంటికొస్తాను. ఆరు నెలల్లో బాగా వచ్చిన విద్య నిలబడటమే.

ఈ రోజు ఎవరింటి ప్లాను వాళ్లు గీసి చూపించాల. సారు నా కాగితం మీద స్కేలు పెట్టినాడు.

"ఏమప్పా, మీది పాత రాతి ఇల్లంటివే. గోడ తొమ్మిదంగుళాలే గీసినావు, యాల?"

"పుస్తకంలో అట్లే ఉండాది సార్."

"కాపురం పుస్తకంలో ఉండావా? అడుగున్నర గోడ గీసుకొని రా. లేకుంటే సర్టిఫికెట్ ఇచ్చేది లేదు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

ఇప్పుడు ఇంట్లో కూర్చొని రబ్బరుతో చెరిపి గోడలు లావు చేస్తాండాను. రెండు గోడలూ లోపలికి జరిగేసరికి ముందర గది అడుగున్నర తగ్గింది.

నాయనా, టేపు పట్టి కొలిచింది నేనే. గోడ మందం నాకు తెలుసు. నువ్వు మంచాన పడినాక ఆ మంచం ముందర గదిలో పట్టక గడప దాటి ఉండేది. చలికాలమంతా తలుపు మూయలేకపోయినాము. కాగితం మీదైనా నువ్వు లోపల పడుకుంటే తలుపు మూసుకోవాలని, ఆ గోడ కావాలనే సన్నగా గీసినాను.