పటుక్కున ఫోను పెట్టేసిన పిల్ల

మల్యాల, 26 సెప్టెంబర్ 2011

జగిత్యాల ఫోనాఫీసు జితేందర్ సారుకు వెంకటవ్వ శనార్తి. చెప్పేది నేను, రాసేది మా సాంబయ్య.

రోజూ పొద్దున మీ పిల్ల ఫోన్ చేసి, బోరుకు కరెంటు ఎప్పుడస్తదో చెప్తది గద. చెప్పినంక ఊకుని, నేను మాట్లాడేదాంక ఇంటుండె. ఎంత ఓపిక! మా కోడలుకు గంత లేదు. పోయిన సోమవారం సంది చెప్పుడుతోనే పటుక్కున పెట్టేస్తున్నది. నేనేమన్న తప్పన్ననా?

ఇదివరకు టైముకు గంట తేడా ఉండె, సకల జనుల సమ్మెల కోతలు పెరిగి పూట తేడా అయింది. మక్కచేను ఎండుతున్నది. గా సంగతంత పిల్లకు రోజూ చెప్పిన, మల్ల మీకు చెప్పుడెందుకు? పిల్ల కోపం తీర్చుండ్రి, చాలు.

ఇట్లు,
వెంకటవ్వ

తా.క.: కోడలు మాట రాయొద్దని అవ్వ అన్నది. రాసినంక అన్నది. - సాంబయ్య


జగిత్యాల, 30 సెప్టెంబర్

గౌరవనీయులైన వెంకటవ్వ గారికి నమస్కారాలు.

మా ఫోన్ల ప్రోగ్రాం కొత్త వెర్షన్ మీద వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఆఫీసు గోడకు అంటించాం. పాత దాంట్లో చెప్పడం అయ్యాక కూడా పది సెకన్లు లైను ఊరికే తెరిచి ఉండేది. ఆ లోపం సరిచేశాం. ఫోన్ చేసేది మనిషి కాదు, కంప్యూటరు. మీ సమయం వృథా కాకుండా గొంతు వేగం కూడా పెంచాం.

టైములు తప్పుతున్నాయని మీ ఊరివాళ్లు చాలామంది అంటున్నారు. మూడు నెలలుగా వెతుకుతున్నా కారణం దొరకడం లేదు.

భవదీయుడు,
జితేందర్

తా.క.: ఆ గొంతు మా ఆఫీసు శ్రావణిది. ఒక్కరోజు కూర్చోబెట్టి రికార్డు చేశాం.


మల్యాల, 5 అక్టోబర్

జితేందర్ సారూ,

ఒక్క పిల్లను కూసోబెట్టి నాలుగు వందల ఇండ్లకు ఫోన్లు చేయిస్తున్నరా? పైనుంచి కంప్యూటరని అబద్ధమా? ఇప్పుడు పిల్ల గడగడ మాట్లాడుతున్నది, పక్కన ఎవలో బెదిరిచ్చినట్టు.

సోమవారం మల్లక్క, సత్యవ్వ, ఇంక ముప్పై మందిమి మీ ఆఫీసు ముందల వంటావార్పు చేస్తం. బస్సులు లేకుంటే ట్రాక్టరున్నది. తెలంగాణ కోసం రోడ్డు మీద వండినోళ్లం, పిల్ల కోసం వండలేమా?

వెంకటవ్వ

తా.క.: శ్రావణి కారం ఎంత తింటదో రాయుండ్రి.


జగిత్యాల, 8 అక్టోబర్

వెంకటవ్వకు జితేందర్ దండాలు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషితోనే ట్రాక్టరు వద్దని కబురు పంపండి. మీ ఉత్తరం చదివి శ్రావణి నన్ను ఒకటే అడిగింది: "గా పది సెకన్లల గామె ఏమంటుండెనో ఎవలన్న ఇన్నరా?"

పరీక్ష కోసం పెట్టిన రికార్డింగును ఆపడం నేను మరిచిపోయాను. నాలుగు వందల ఇళ్ల మాటలు మూడు నెలలుగా మా మిషన్‌లోనే ఉన్నాయి. అడగకుండా విన్నందుకు క్షమించండి. మొదటి రోజే మీరన్నారు: "బిడ్డా, మా ఊరోళ్లం సిమ్ములన్ని బుగ్గారం అంగట్ల కొన్నం. మోటర్లు మల్యాలల ఉన్నయి. నువ్వు బుగ్గారం టైము చెప్తున్నవు."

సిమ్ము ఎక్కడ కొంటే మోటరు అక్కడే ఉంటుందని నేను రాసిన ప్రోగ్రాం అనుకుంది. మేము వెతికిన తప్పు అదే. మీరు దాన్ని డెబ్బై రెండు సార్లు చెప్పారు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. వింటూ మా ఆఫీసంతా నిలబడిపోయింది. నేను ఇంత ఓపిక ఎక్కడా చూడలేదు అవ్వా.

ఎల్లుండి నుంచి మల్యాల టైమే వస్తుంది, మక్కచేనుకు నీళ్లు పెట్టండి. ఆ మొదటి ఫోను మాత్రం కంప్యూటరు చేయదు, శ్రావణే చేస్తుంది. ఏం మాట్లాడాలో పొద్దుటి నుంచి కాగితం మీద రాసి కొట్టేస్తోంది.

మీ
జితేందర్

తా.క.: రికార్డింగుల్లో శ్రావణికి పదకొండు పెళ్లి సంబంధాలు దొరికాయి. ఒకటి కోరుట్లలోని మీ మనుమడిది. ప్రోగ్రాం రాసిన నాకు ఒక్కటీ రాలేదు.