చెంచమ్మవ్వ బర్రెకు గడ్డి

సీతారామపురం దగ్గరి పల్లె నుంచి

ప్రేమగల అక్కకు,

ప్రభువు పేరిట నీ చెల్లెలు కరుణ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? చిన్నోడికి దగ్గు తగ్గిందా? బావ చుట్టలు మానేశాడా? మానాడని మాత్రం రాయకు, నమ్మను.

టీచరు ఉద్యోగమని మన ఊరు సంగం వదిలి వచ్చి ఇన్ని నెలలైనా ఇక్కడి నీళ్ళ కరువు నాకు అలవాటు కాలేదు. కాలవలో కాళ్ళు పెట్టుకొని కబుర్లు చెప్పుకున్నవాళ్ళం మనం. ఇక్కడ బిందెడు నీళ్ళకు వరసలో నిలబడాలి. తిండికి లోటు లేదులే, దిగులుపడకు. సజ్జ రొట్టె తట్టడం కూడా నేర్చుకున్నాను, గుండ్రంగా రాదు అంతే. సాయంత్రం బడి మూశాక మాత్రం నువ్వే గుర్తొస్తావు. అప్పుడు ఎదురింటి చెంచమ్మవ్వ అరుగు మీదికి పోయి కూర్చుంటాను.

ఈ ఉత్తరం కూడా ఆమె కోసమే. అవ్వకు చెరువు కింద చిన్న మడి, ఒక పాడి బర్రె ఉన్నాయి. పాలు హోటలుకు పోసుకొని బతుకుతుంది. ఈ ఏడు చెరువు నిండలేదు, వరి వెన్ను తీయకముందే, పొట్ట మీదే ఎండిపోయింది. పంట పోతే సర్కారు శిస్తు మాఫీ చేస్తుంది కదా. అయితే ఇక్కడివాళ్ళు ఎప్పుడూ ఒకటే తప్పు చేస్తారు. పైరు ఎండగానే పశువుల మేతకని కోసేస్తారు. తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి మడిలో మిగిలిన కొయ్యకాళ్ళు చూసి, పంట కోసుకున్నారని శిస్తు వేస్తాడు. పోయినేడు అలా పడిన శిస్తు కట్టడానికే అవ్వ దూడను అమ్ముకుంది.

నాకు మనసాగక కరణంగారిని అడిగాను. "నిలబడిన పైరు చూడందే మాఫీ రాయరమ్మా. కోసిన మడిలో ఏం చూసి రాసేది?" అన్నారు. ఇల్లిల్లూ తిరిగి అందరికీ అర్జీలు రాసిపెట్టాను, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా కొడవలి ముట్టవద్దని చెప్పాను. నా నోటి సంగతి నీకు తెలుసుగా, అందరూ ఒప్పుకున్నారు.

అవ్వ మాత్రం, "ఏంది టీచరమ్మా, కళ్ళెదురుగా మేత పెట్టుకొని బర్రెను మాడ్చమంటావా? నువ్వు చెప్తే నేను ఇంటా, బర్రె ఇంటాదా?" అని తగులుకుంది.

"మళ్ళీ శిస్తు పడితే ఈ బర్రె కూడా సంతకు పోతుందవ్వా," అన్నాను.

అవ్వ లోపలికి పోయి కొడవలి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ కాడే పెట్టుకో. నా ఇంట్లో ఉంటే నేను ఆగలేను," అన్నది.

వస్తాడన్న ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు. మాది మూల పల్లె, మా వంతు ఆఖరున వస్తుందట. మిగతావాళ్ళ దగ్గర మేతకు దాచుకున్న పాత వేరుశెనగ కట్టె కాస్త ఉంది, అందులోంచే అవ్వకూ చేరెడు చేరెడు పెడుతున్నారు. అది ఏ మూలకు? బర్రె డొక్కలు తేలాయి, పాలు దాదాపు ఇంకిపోయాయి. నేను ఎక్కాలు చెప్పిస్తుంటే బడిలోకి దాని అరుపు వినపడుతుంది. అవ్వ నన్ను ఒక్క మాట అనదక్కా. తిట్టినా బాగుండేది.

బావ గడ్డివామిలోంచి కాస్త గడ్డి పంపించు. మా ఊరి కట్టెల లారీ నెల్లూరికి పోయి సంగం మీదుగా ఖాళీగా తిరిగొస్తుంది. డ్రైవరు మస్తాన్ భాయిని అడిగాను. "సంగం రోడ్డు మీదికి తెచ్చి పెట్టించమ్మా, నేను ఏసుకొస్తా. అవ్వ బర్రెకు బాడుగేంది?" అన్నాడు. ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను, తిరుగు లారీకే పెట్టించు. బావ గొణిగితే, క్రిస్మస్‌కు నాకు తీస్తానన్న చీర వద్దన్నానని చెప్పు. కోయవద్దని చెప్పింది నేనే అక్కా. కాబట్టి ఆ బర్రెను మేపాల్సింది కూడా నేనే.

అత్తమ్మకు, మామయ్యకు వందనాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఇంట్లో ప్రార్థన చేసుకొనేటప్పుడు నన్ను మరిచిపోయినా ఫరవాలేదు, బర్రెను మాత్రం మరవకండి.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
కరుణ