మీ పేరు మీద తిరుగుతున్న ప్రోగ్రాం

మూర్తి గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దుటే మన మండపేట మిల్లు ఆఫీసులో సర్వర్ ఒక్క బిల్లు కూడా కొట్టనని మొరాయించింది. సీపీయూ మొత్తాన్ని ఏ ప్రోగ్రాం తినేస్తోందా అని చూస్తే, అన్నిటికంటే పైనున్న ప్రోగ్రాం పక్కన, నడిపిస్తున్నవారి చోట, మీ పేరే ఉంది.

"ఆయన లేరు కదండీ!" అన్నారు ఓనరు గారు బిత్తరపోయి.

తెరిచి చూశాను. ఓనరు గారు లాగౌట్ అవగానే మన స్క్రీన్ల మీద "టీకి పదండి" అని చూపించడానికి మీరు రాసిన ప్రోగ్రాం అది. న్యూమరాలజీ ఆయన మాట విని ఓనరు గారు నిన్న లాగిన్ పేరు మార్చుకున్నారు. పాత పేరు దొరక్క అది ఆగకుండా ఆయన్నే వెతుకుతోంది. సంగతంతా ఓనరు గారికి చెప్పక తప్పలేదు.

"ఈ ప్రోగ్రాంని చంపెయ్యమంటారాండీ?" అన్నాను, ఆపెయ్యడాన్ని మనం అనే మాటలోనే.

ఓనరు గారు స్క్రీన్ మీద మీ పేరుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దండి. ఒకసారి పోయారు, చాలు. నా కొత్త పేరు అందులో రాసెయ్యండి."