అలిగిన పోగు

అమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. వంట ఇంకా పొయ్యి మీదుండగానే మద్రాసు షాపావిడ తిరుత్తణి వచ్చింది. మన మగ్గం గదిలో నేను పాత నేత చీరలతో కోట్లు కుడుతున్నాను, ఆమె అమ్ముతోంది.

నీ చీరతో కుట్టుకున్న నా కోటు చేతిలోకి తీసుకుని చూసింది. వీపు మీద చిరుగుకు నువ్వు వేసిన రఫ్ఫు ఆమెకు తెగ నచ్చింది. "ఇలాంటివే బోలెడు కావాలి. పాతవి దొరక్కపోతే కొత్త చీరలు చింపి రఫ్ఫు వేయండి, ఎవరికి తెలుస్తుంది?" అంది.

మేనత్త ఊరుకోలేదు. "కొత్త చీర చింపాల్నా? నీకేమన్నా పిచ్చి పట్టినాదా?" అని అరిచింది.

మగ్గం మీద పోగు తెగితే నువ్వు ఏనాడూ తెగిందనలేదు. "అలిగినాది" అంటూ బుజ్జగించి ముడి వేసేదానివి. ఆ మాటే నా లేబుల్ మీద వేయించాను. "లేబుల్ మీద ఆ మాట మాత్రం ఉంచండి, బాగా అమ్ముడుపోతుంది" అందా షాపావిడ.

నేనే చింపి, అలిగిందని రాయాలా? ఆమె చేతిలోంచి కోటు లాక్కుని, గుమ్మం చూపించాను. ఇక నాతో కుట్టే ఆడవాళ్లకు పనెక్కడి నుంచి తేవాలో తెలియదు.

మేనత్త అన్నానికి పిలుస్తోంది. రానన్నాను. నేను అలిగానమ్మా.