బ్రేకు పెడల్ కింద ఊడిన వైరు

ఒరేయ్ తమ్ముడూ,

కారు బయటికి తియ్యకు. కాలు తీసినా బండి ఒకే వేగంతో పోయే ఆ క్రూజ్ కంట్రోల్ బాగుచేస్తానని బ్రేకు పెడల్ కింద దూరి ఒక వైరు పీకావే, దాన్ని మళ్ళీ తగిలించనేలేదు. క్రూజ్ సంగతి దేవుడెరుగు, వెనక బ్రేకు లైట్లే వెలగడం లేదు! పొద్దున నేను బ్రేకు తొక్కినా వెనక గోడ మీద ఎర్ర వెలుగు పడకపోతే అనుమానమొచ్చి వంగి చూశాను.

నిన్న నాన్న బ్రేకు వేస్తే వెనక లారీ వెంట్రుకవాసిలో ఆగిందట. ఆ డ్రైవరు దిగి, "ఈ వయసులో నీకు బండెందుకయ్యా?" అని నలుగురిలో కడిగేశాడట. నాన్న తప్పు తనదేననుకుని తాళాలు నా చేతిలో పెట్టేశాడు. ఇంక నడపడట.

నీ పనితనం తగలెయ్య! వైరు పెట్టు. నాన్నని వెనక నిలబెట్టి లైట్లు చూపించు. తప్పు నీదని నీ నోటితోనే చెప్పు.

అక్క

తాళాలు చక్కెర డబ్బా వెనక ఉన్నాయి. నువ్వు ముట్టుకోకు. ఆయన్నే తీసుకోమను.